మామయ్య గారు తెచ్చే పీతలు వద్దని ఎలా చెప్పను?

న్యూజెర్సీలోని బయోన్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆవిడకు నాలుగు నెలల కిందట రెండో కాన్పు అయింది. పాపకు తల్లిపాలే. పెద్దవాడికి ఐదేళ్ళు. కాన్పు సాయానికి అత్తమామలు కాకినాడ దగ్గరి పల్లెటూరు నుంచి ఆరు నెలలు ఉండేలా వచ్చారు. మామయ్య గారిది చిన్నప్పటి నుంచి కోరంగి మడ అడవుల పక్క పాయల్లో పీతలు పట్టిన చెయ్యి. వచ్చిన రెండు వారాలకే ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో నెవార్క్ బే గట్టు కనిపెట్టారు. తాడుకు కోడికాలు కట్టి నీళ్ళలోకి వదలడం, పీత పట్టుకోగానే మెల్లగా పైకి లాగి చిక్కంలో వేసుకోవడం ఆయనకు రోజూ కాలక్షేపమైంది. జూన్ నుంచి వారానికి ఒకసారైనా పది పన్నెండు పీతలు ఇంటికి వస్తున్నాయి. పక్క అపార్ట్‌మెంట్లలోని రెండు తెలుగు కుటుంబాలకూ పంపుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి ఏడో నెల.

బాలింతకు సొర చేప పుట్టు పెడదామంటే దొరకలేదని, కనీసం పీతల పులుసైనా తినమని అత్తయ్య గారు వడ్డిస్తారు. ఆవిడ తిన్నారు, పెద్దవాడూ తిన్నాడు. కిందటి నెల స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్తుంటే గట్టు మీద పీత బొమ్మతో ఒక బోర్డు కనబడింది: పట్టవద్దు, తినవద్దు. ఇంటికొచ్చి చెబితే భర్త, ‘నాన్న పీతను చేత్తో పట్టుకుని మంచిదో కాదో చెప్పేస్తారు. ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడుగుతున్నాం, అరగంట ఉడికిస్తున్నాం. ఇంకేం ఉంటుంది?’ అన్నారట. మామయ్య గారైతే రెండు రోజులు ముభావంగా ఉండి మళ్ళీ బకెట్ పట్టుకుని బయలుదేరారు.

ఆవిడ అడిగినవి మూడు. పాపకు పాలు మానేయాలా? పీతలను శుభ్రం చేసి తినే పద్ధతి ఏమన్నా ఉందా? పెద్దాయన మనసు కష్టపెట్టకుండా ఈ మాట ఎలా చెప్పాలి?

*

అమ్మా, ముందు పాప సంగతి. పాలు మానకండి.

మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్న భయం ఇదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ బే పీతల్లో ఉండే డయాక్సిన్లు, పీసీబీలు అనే విష రసాయనాలు తిన్నవాళ్ళ ఒంటి కొవ్వులో చేరి ఉంటాయి, కొంత పాలలోకీ వస్తాయి. అది నిజం. కానీ తల్లిపాల వల్ల బిడ్డకు కలిగే మేలు ఆ నష్టం కన్నా ఎక్కువని, ఈ రసాయనాలున్నా పాలివ్వడం కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని రోజులు పాలు పిండి పారబోస్తే విషం పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇవి నిన్నటి పులుసులోంచి ఇవాళ్టి పాలలోకి వచ్చి రేపటికి పోయేవి కావు. ఏళ్ళ తరబడి ఒంటి కొవ్వులో చేరినదాంట్లోంచి కొంచెం కొంచెంగా వస్తాయి. వారం రోజులు పారబోసినా ఆ నిల్వలో తేడా రాదు. పాప నోటి దగ్గరి పాలు పోవడమే మిగులుతుంది.

ఇంకొక జాగ్రత్త. ఒళ్ళు తగ్గాలని ఈ నెలల్లో ఉపవాసాలు, కఠినమైన డైట్లు పెట్టుకోవద్దు. కొవ్వు వేగంగా కరిగితే అందులో దాగినది రక్తంలోకి, పాలలోకి వస్తుంది. ‘డీటాక్స్’ పేరుతో అమ్మే పొడులు, రసాలు దీన్ని బయటికి తీయలేవు. డయాక్సిన్ మన ఒంట్లో సగానికి తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్ళు పడుతుంది. ఈ మూడు నెలలు తిన్నదాని వల్ల మీకో బాబుకో ఇప్పటికిప్పుడు జబ్బు చేయదు. ఏళ్ళ తరబడి పోగుపడితే హాని చేసే రకం ఇది. కాబట్టి కంగారు పడాల్సిన పని లేదు కానీ, ఇక మీదట చేర్చకుండా ఉండటం మాత్రం చాలా ముఖ్యం. పిల్లల డాక్టరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఎన్ని వారాలు, వారానికి ఎన్ని, డొప్పలోని గుజ్జుతో సహానా అని. రక్తంలో డయాక్సిన్ పరీక్ష ఉంది కానీ చాలా ఖరీదు. అంకె తెలిసినా దానికి మందు లేదు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప దాని వెంట పడకండి.

ఇక ఆ నీళ్ళ సంగతి. ఇది మీ వారికి, మామయ్య గారికి కూడా చదివి వినిపించండి.

నెవార్క్ బేలోకి పాసైక్ నది వచ్చి కలుస్తుంది. ఆ నది ఒడ్డున, నెవార్క్ ఊళ్ళోని 80 లిస్టర్ ఎవెన్యూలో, డైమండ్ ఆల్కలీ అనే కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. 1951 నుంచి 1969 వరకు అక్కడ కలుపు మందులు తయారయ్యాయి. వియత్నాం అడవుల మీద అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లోని మందులూ వాటిలో ఉన్నాయి. మామయ్య గారి తరానికి ఆ పేరు చెబితే చాలు. ఆ మందు తయారీలో కావాలని చేయకపోయినా పుట్టుకొచ్చే మలినమే టీసీడీడీ. డయాక్సిన్లన్నింటిలోకీ విషపూరితమైనది అదే. 1983లో అక్కడి మట్టిలో అది బయటపడి, రాష్ట్ర గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1984లో ఆ చోటు, విషం పేరుకున్న స్థలాలను శుభ్రం చేయించే అమెరికా ప్రభుత్వ సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది.

ఫ్యాక్టరీ ఆగి అర్ధశతాబ్దం దాటింది కదా, ఇంకా ఎందుకుంటుంది అని మీ వారు అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు ఆ నీటి అడుగున ఉంది. డయాక్సిన్ నీళ్ళలో కరగదు. సన్నటి ఒండ్రు రేణువులకు, కుళ్ళిన ఆకుల మడ్డికి అంటుకుంటుంది. గోదావరి మొగ దగ్గర తీపి నీరు ఉప్పు నీటిని తాకే చోట నీళ్ళు ఎప్పుడూ బురద రంగులో ఉండటం మామయ్య గారు చూసే ఉంటారు. ఉప్పు తగలగానే నీటిలో తేలే సన్నటి బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, గడ్డకట్టి అడుగుకు దిగుతాయి. అందుకే నది మోసుకొచ్చిన మంచీ చెడూ అంతా మొగ దగ్గరే పేరుకుంటుంది. పోటు వచ్చినప్పుడు పైకి, ఆటు తీసినప్పుడు కిందికి ఆ మడ్డి కదులుతూనే ఉంటుంది. లిస్టర్ ఎవెన్యూ దగ్గర పడిన విషం బేలోకి దిగడమే కాదు, ఎగువకూ వెళ్ళింది. వెలుతురు, గాలి అందని బురదలో దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు దాదాపు ఏమీ చేయలేవు.

పాసైక్ దిగువ 8.3 మైళ్ళ మేర ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా 35 లక్షల ఘనపు గజాల బురద తవ్వి, మిగిలినదాని మీద శుభ్రమైన మట్టి కప్పాలని 2016లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ నిర్ణయించింది. అంచనా ఖర్చు 138 కోట్ల డాలర్లు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. పక్కన హడ్సన్‌లో ఇదే రకం కథ పీసీబీలతో నడిచింది. ఎగువన ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) ఫ్యాక్టరీల నుంచి 1947–77 మధ్య సుమారు 13 లక్షల పౌండ్ల పీసీబీలు నదిలోకి వెళ్ళాయి.

ఇప్పుడు పీత. అది బతికేదే ఆ మడ్డిలో. పురుగులు, ఆల్చిప్పలు, చచ్చిన చేపలు తింటుంది. చలికాలమంతా బురదలో కూరుకుని పడుకుంటుంది. తిన్నదాంట్లోని విషం దాని కండలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఒకే చోట చేరుతుంది: డొప్ప ఎత్తగానే లోపల పసుపు, ఆకుపచ్చ కలిసిన మెత్తటి గుజ్జు ఉంటుందే, అక్కడ. అది పీతకు కాలేయం, క్లోమం రెండూ. పీతలో కొవ్వు నిల్వ ఉండేది అక్కడే.

మన వంటలో జరిగేది గమనించండి. పీతను రెండు ముక్కలు చేసి, డెక్కలు చితక్కొట్టి, గుజ్జుతో సహా చింతపండు పులుసులో వేస్తాం. ఆ గుజ్జు కరిగి పులుసు చిక్కబడుతుంది, రుచంతా దాన్నుంచే వస్తుంది. మామయ్య గారు బరువుగా, ‘నిండుగా’ ఉందని ఏరి తెచ్చే పీతలో ఆ గుజ్జే నిండుగా ఉంటుంది. ఆయన చెయ్యి తప్పు చెప్పడం లేదు. పీత తాజాగా ఉందా, కండ పట్టిందా అన్నది ఆ చెయ్యి ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది. డయాక్సిన్‌కు రంగు, వాసన, రుచి, బరువు ఏవీ లేవు. యాభై ఏళ్ళ అనుభవానికైనా అది అందదు.

ఎంత కొంచెంతో పని అవుతుందో ఒక అంకె చెబుతాను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో పెట్టిన హద్దు ప్రకారం ఒంటి బరువులో కిలోకు వారానికి 2 పీకోగ్రాములు మించకూడదు. అంటే 60 కిలోల మనిషికి వారమంతా కలిపి 120 పీకోగ్రాములు. పీకోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఐదేళ్ళ బాబు బరువుకు లెక్కేస్తే హద్దు ఇంకెంత చిన్నదో చూడండి.

రెండో ప్రశ్నకు వస్తాను. నెవార్క్ బే పీతను శుభ్రం చేసి తినే పద్ధతి లేదు. ఉప్పు, పసుపు పైన ఉన్న జిగురును, క్రిములను వదిలిస్తాయి. కొవ్వులో ఉన్నదాన్ని తాకవు. డయాక్సిన్ విరగాలంటే 850 డిగ్రీలకు పైన వేడి కావాలి. ప్రెషర్ కుక్కర్ 120 దగ్గర ఆగిపోతుంది. ఫ్రీజర్లో పెట్టినా తగ్గదు. గుజ్జు తీసేస్తే చాలా భాగం పోతుంది, కానీ ఈ బేలో మిగిలిన కండ కూడా తినదగ్గది కాదనే రాష్ట్రం పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధం నెవార్క్ బేకే కాదు, పాసైక్, హ్యాకెన్‌సాక్ నదుల్లో పోటు నీరు ఎక్కే భాగాలకు, ఆర్థర్ కిల్, కిల్ వాన్ కల్ పాయలకు కూడా వర్తిస్తుంది. గట్టు మార్చి అవతలి పక్కకు వెళ్తే సరిపోదన్న మాట. తినడమే కాదు, పట్టడానికి ప్రయత్నించడమే నేరం. మొదటిసారికే 3,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. కోడికాలు కట్టిన తాడు నీళ్ళలో ఉంటే చాలు, బకెట్ ఖాళీగా ఉన్నా సరే.

ఇక ఇంట్లో మాట. మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, మీరూ పాపా తప్పించుకుని మిగతావాళ్ళను తిననివ్వడం. గొడవ రాదు కాబట్టి చాలామంది ఇదే చేస్తారు. కానీ ఐదేళ్ళవాడు తాతయ్య పళ్ళెంలోంచి డెక్క లాక్కుని తింటాడు. పక్కింటి గర్భిణికి పంపడం ఆగదు. జరిమానా భయం అలాగే ఉంటుంది. పైగా మీరు తినకుండా కూర్చున్న ప్రతిసారీ అది మాట్లాడకుండా చేసే గొడవే. ఈ దారిలో నాకు ఏ మంచీ కనబడలేదు.

రెండోది, మీరే ఎదురుగా చెప్పడం. నిజం మీ వైపు ఉంది. కానీ కోడలు బోర్డు చూసి చెబితే పెద్దాయన చెవికి అది ‘మీరు తెచ్చేది విషం’ అన్నట్టు వినబడుతుంది. ఒకసారి అదే జరిగింది. మళ్ళీ చెబితే ఆపవచ్చు, కానీ మిగిలిన మూడు నెలలు ఆయన టీవీ ముందు ముభావంగా కూర్చుంటారు.

మూడోది, మీ వారు చెప్పడం. ఈ మాట చెప్పాల్సింది నిజానికి ఆయనే. అందుకు ముందు ఆయన ఒప్పుకోవాలి. వాదించకుండా పాప తదుపరి చెకప్‌కు ఆయన్నే తీసుకెళ్ళి, పీతల సంగతి డాక్టరును ఆయన ముందే అడగండి. న్యూజెర్సీ రాష్ట్రం చేపలు, పీతల మీద ఇచ్చే సలహా పత్రం తెరిచి, నెవార్క్ బే వరుసలో పీత దగ్గర ఏం రాశారో ఆయన్నే చదవమనండి. తర్వాత తండ్రీకొడుకులు ఇద్దరూ ఆ బోర్డు దాకా నడిచి వెళ్ళాలి. బోర్డు దగ్గర కొడుకు ఏజెంట్ ఆరెంజ్ కథ తెలుగులో చెబితే, అది కోడలి భయంలా కాక ఆ ఊరి సంగతిలా ఉంటుంది. ‘మన కోరంగిలో నీకు తెలియని పాయ లేదు. ఇక్కడి బురదలో ఏం పోశారో ఇక్కడివాళ్ళకు తెలుసు’ అనమనండి. దీనికి పట్టే సమయం ఒక వారం. ఆ వారం కూడా పీతలు ఇంటికి రాకూడదు. జరిమానా మాట ఆ వారానికి పనికొస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన చేతికి నోటీసు రావాలని ఏ కొడుకూ కోరుకోడు.

నాలుగోది మూడోదానికి జత. పీతలు మానిపించడం కాదు, నీళ్ళు మార్చడం. దక్షిణాన బార్నెగట్ బే ఉంది. బయోన్ నుంచి కారులో గంటన్నర లోపే. అక్కడ నీలం పీతలు పట్టడానికి ఈ రకం నిషేధం లేదు. బయలుదేరే ముందు తాజా సలహా పత్రంలో ఆ నీటి పేరు ఒకసారి చూసుకోండి. దగ్గరలోని రారిటన్ బే, దిగువ హడ్సన్‌లకు కూడా హెచ్చరికలున్నాయి కాబట్టి అవి ఎంచుకోవద్దు. తాడూ చిక్కంతో పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. గట్టి డొప్ప పీత ముళ్ళ కొన నుంచి కొనకు 4½ అంగుళాలు ఉండాలి. చిన్న టేపు జేబులో పెట్టుకోమనండి. పొట్ట కింద నారింజ రంగు గుడ్ల ముద్ద ఉన్న గుడ్డు పీత పడితే వెంటనే నీళ్ళలో వదిలేయాలి. మామయ్య గారికి ఈ ఒక్కటీ బాధ కలిగించవచ్చు, ముందే చెప్పండి. ఖర్చు విషయానికొస్తే పెట్రోలు, టోల్, ఒక వారాంతం. రోజూ నడిచి వెళ్ళే కాలక్షేపం మాత్రం పోతుంది. దానికి బదులు సాయంత్రాలు గాలం వేస్తానంటే, ఉప్పునీటి చేపలకు ఉచిత రిజిస్ట్రేషన్ చేయించండి. నెవార్క్ బేలో గాలానికి పడిన చేపను మాత్రం నీళ్ళలోనే వదిలేయాలి, ఇంటికి కాదు.

మంచి నీళ్ళ పీతైనా వండే పద్ధతి కొంచెం మార్చుకోండి, మీకూ పిల్లలకూ. బతికున్న పీతను ఐసులో పెట్టి మత్తెక్కాక, పొట్ట కింది మూత ఎత్తి డొప్ప వెనక నుంచి లాగేయండి. బూడిద రంగు మొప్పలు, పసుపు గుజ్జు చెంచాతో పూర్తిగా తీసి, ధారగా వచ్చే నీటి కింద గూడు కడగండి. ఇదంతా ఉడకబెట్టక ముందే జరగాలి. గుజ్జుతో ఉడికిస్తే అందులోది నీళ్ళలోకి దిగి కండకంతా పడుతుంది. ఒకసారి ఉడికించిన నీళ్ళు పారబోసి, ఆ తర్వాత ఇగురు పెట్టండి. పులుసు చిక్కదనం తగ్గుతుంది. అత్తయ్య గారు కొబ్బరి పాలో గసగసాలో నూరి పోస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

అత్తయ్య గారి సొర పుట్టు గురించి కూడా చెప్పాలి. పాలు పడటానికి బాలింతకు సొర పెట్టడం మన తీరంలో పాత ఆచారమే. ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం గర్భిణులు, బాలింతలు, పిల్లలు మానేయాల్సిన చేపల్లో సొరను చేర్చింది. కారణం డయాక్సిన్ కాదు, పాదరసం. దొరకలేదని బాధపడకండి. అలాగని చేపలే మానేయవద్దు. బాలింతకు వారానికి 8 నుంచి 12 ఔన్సుల చేప మంచిదని అదే ఎఫ్‌డీఏ చెబుతోంది. సాల్మన్, సార్డిన్, టిలాపియా, రొయ్యలు పాదరసం తక్కువున్నవి. సార్డిన్లతో అత్తయ్య గారు పెట్టే పులుసుకు మీ ఇంట్లో వంక ఉండదు.

మీ ఫ్రీజర్లో ఇంకా ఒక సంచి పీతలు ఉన్నాయని రాశారు. వాటిని మూట కట్టి చెత్తలో వేయండి. పిల్లికి గానీ కుక్కకు గానీ పెట్టకండి. మామయ్య గారు టమోటా కుండీల్లో పూడ్చిన డొప్పలు పైపైన ఉంటే తీసి చెత్తలో వేసేయండి, ఇకమీదట పీత చెత్త కుండీల్లోకి వద్దు.

పక్కింటి అమ్మాయికి మాత్రం వారం ఆగకండి. ఇవాళే చెప్పండి, ఫోన్లో కాదు, వెళ్ళి కూర్చుని. మీ ఇంట్లో చెప్పాల్సిన మాట కన్నా ఆ మాట తేలిక. మా మామయ్య గారికి తెలియక పంపారు, మాకూ తెలియదు, మిగిలి ఉంటే పారేయండి, మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి, చాలు. రెండో కుటుంబానికీ అంతే.